అలసిన కాళ్ళు కట్టించిన మెట్లు

మా గుంటూరు, ఒంగోలు సీమల్లో నేల అరచెయ్యంత చదును. నల్లరేగడి చేలల్లో పత్తి, మిరప తప్ప చూపుకి అడ్డొచ్చేది ఉండదు. ఆ చదునులో ఉన్నట్టుండి ఒక కొండ లేచి నుంచుంటుంది. నరసరావుపేట వైపు వెళితే కోటప్పకొండ, చిలకలూరిపేట దారి పడితే కొండవీడు, విజయవాడ వైపు పోతే మంగళగిరి. చదునుమీద పుట్టి పెరిగినవాళ్ళం కదా, కొండంటే మనకి భక్తీ ఉంది, బెరుకూ ఉంది.

ఆ బెరుకు ఆడవాళ్ళకి వయసుతోబాటు పెరుగుతుంది. పెళ్ళయిన కొత్తలో ఎక్కుదామంటే కొత్తకోడలు అలా గబగబా నడవకూడదు. ఆ తరువాత చంకలో ఒకడు, చెయ్యి పట్టుకుని ఒకతె. ఆ పైన వాళ్ళ పరీక్షలు, పెళ్ళిళ్ళు. తీరా తీరిక దొరికేసరికి మోకాళ్ళు మొరాయిస్తాయి. కొండ కింద కారు ఆపి, "మీరు వెళ్ళి రండి, నేను ఇక్కణ్ణించే దణ్ణం పెట్టుకుంటాలే" అనే ఇల్లాలు లేని కుటుంబం ఉందా? ఆవిడ ఒళ్ళో అందరి చెప్పులూ, సంచీలూ.

అందుకే నాకొక ప్రశ్న పుట్టింది. మన కొండల చరిత్రలో "నావల్ల కావటం లేదు" అని మొట్టమొదట నోరు తెరిచి చెప్పిన మనిషి ఎవరు?

ఎక్కడో వెతకక్కర్లేదు. కోటప్పకొండ మెట్లదారిలోనే ఆవిడకి గుడి ఉంది. ముందు ఆవిడకి దణ్ణం పెట్టుకుని ఆ తరువాతే పైకి వెళ్ళటం ఆచారం. ఆవిడే గొల్లభామ, అసలు పేరు ఆనందవల్లి. కొండ కింద పల్లెలో గొల్లవారి పిల్ల. కొండకి మూడు శిఖరాలు - బ్రహ్మ, విష్ణు, రుద్ర. రుద్రశిఖరం మీద ఉన్న స్వామిని కొలవటానికి ఆమె రోజూ కొండెక్కేదట. ఒకరోజు అభిషేకానికి నీళ్ళు మోసుకుపోతూ, అలిసి, బిందె దించింది. కాకి వచ్చి వాలి నీళ్ళు ఒలకబోసింది. ఈ కొండమీద కాకులు వాలకుండుగాక అని శపించిందట. కోటప్పకొండ మీద కాకి కనపడదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాకి సంగతి అందరికీ గుర్తే. బిందె ఎందుకు దించిందన్నది మాత్రం ఎవరికీ పట్టదు. నీళ్ళబిందె మోసిన ఆడదానికి వేరే చెప్పాలా!

తరువాత దేవుడి మాయవల్ల ఆమె గర్భవతి అయింది. అయినా రావటం మానలేదు. నెలలు నిండుతున్నకొద్దీ ఎక్కలేక, "స్వామీ, ఇక నేను రాలేను, నువ్వే దిగి రా" అంది. సరేనన్నాడాయన. నువ్వు ముందు నడు, నేను వెనక వస్తాను, వెనక్కి మాత్రం తిరిగి చూడొద్దు అని షరతు పెట్టాడు. ఆయన కదిలేసరికి కొండ దద్దరిల్లింది. ఆమె తిరిగి చూసింది. ఆయన బ్రహ్మశిఖరం దగ్గరే ఆగిపోయాడు. ఇప్పుడు మనం దర్శనం చేసుకునే గుడి అదే. పైన రుద్రశిఖరం మీది చోటుని పాత కోటప్పకొండ అంటారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా "ఆడదానికి ఓపిక తక్కువ, వెనక్కి చూసేసింది" అని ఎవరో ఒకరు ముక్తాయింపు ఇస్తారు. వెనక కొండ పగిలినట్టు చప్పుడవుతుంటే నిండుచూలాలు తిరిగి చూడక ఏం చేస్తుందండీ? నాకు ముఖ్యంగా తోచేది వేరు. తిరిగి చూసినందుకు దేవుడు మళ్ళీ పైకి వెళ్ళిపోలేదు. సగం దూరం దిగి, అక్కడే ఉండిపోయాడు. ఆ మిగతా సగమే ఇన్ని తరాలుగా మనం ఎక్కుతున్నది.

ఇది పురాణగాథ, చరిత్ర కాదంటారా? చరిత్రలోకే వద్దాం. 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలంలోనూ అహోబలంలోనూ మెట్లు కట్టించాడు. ఎర్రాప్రగడని ఆదరించిన రాజు ఈయనే. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. అక్కడ పని సరిగ్గా దీనికి ఎదురు. శత్రువు ఎక్కలేకుండా కొండ చుట్టూ గోడలు, బురుజులు. చివరికి 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గాని ఆ కోట దక్కించుకోలేకపోయాడు. ఒకే వంశం చూడండి - ఒక కొండని ఎవరూ ఎక్కకూడదని కోట కట్టింది, మరో కొండని అందరూ ఎక్కాలని మెట్లు వేసింది.

శ్రీశైలం మా సీమకి దూరమేమీ కాదు. ఒంగోలు వైపు నించి మార్కాపురం, దోర్నాల మీదుగా దారి. త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు. అక్కడ పాతాళగంగ ఉంది చూశారూ, అది తిరగేసిన కొండ. కృష్ణలో మునగాలంటే ముందు దిగాలి, మునిగాక తడిబట్టలతో ఎక్కాలి. దానికి 14వ శతాబ్దం చివర మెట్లు కట్టించింది ఒక స్త్రీ. విజయనగరం రెండో హరిహరరాయల రాణి విఠలాంబ. రాణీవాసపు స్త్రీ కాబట్టి పల్లకీలో దిగి ఉండవచ్చు. అయినా మెట్లు కట్టించింది పల్లకీ లేనివాళ్ళ కోసమే. ఇప్పుడు అక్కడ రోప్‌వే ఉంది, చాలామంది దాన్లోనే దిగుతారు. మెట్లమీద దిగేవాళ్ళు మాత్రం ఒక్కసారి విఠలాంబని తలుచుకోవచ్చు.

మెట్లు కట్టించిన పుణ్యం రాజులకే పరిమితం కాలేదు. మంగళగిరి పానకాలస్వామి కొండకి మెట్లు కట్టించినవారు చన్నాప్రగడ బలరామదాసు గారు, 1890లో. కింద వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు 1807-09 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురాన్ని అందరూ మెడలెత్తి చూస్తారు. మెట్లు కట్టించినాయన పేరు ఎంతమందికి తెలుసు? కాళ్ళ కింద ఉన్నదానికి గోపురమంత పేరు రాదేమో.

సరే, మెట్లున్నాయి. ఎక్కటం ఎట్లా? దానికీ మనవాళ్ళ దగ్గర పాత చిట్కా ఒకటుంది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని రాశాడు. శ్రీశైలం యాత్రికుల సందడంతా అందులో ఉంది. వాళ్ళు పాడుకునే పాటల పేర్లు కూడా చెప్పాడు - తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, పర్వత పదాలు వగైరా. పాడుతూ నడిచేవాళ్ళు రొప్పుతూ పరుగెత్తలేరు కదా! నడిచేటప్పుడు పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత నిదానంగా నడవండి, మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి అని ఇవాళ డాక్టర్లు చెబుతున్నారు. కొండెక్కే ఆడవాళ్ళ కబుర్లని ఎవరైనా విసుక్కుంటే ఈ మాట చెప్పండి.

యాభై ఏళ్ళ వయసులో యాత్రకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు ఉండనే ఉన్నారు. చెన్నపట్నం సుప్రీంకోర్టు ఉద్యోగి. 1830 మే 18న ఇల్లు కదిలి, అహోబలం, శ్రీశైలం చూసుకుని కాశీ వెళ్ళి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆ కాశీయాత్రా చరిత్ర 1838లో అచ్చయింది. కూర్చుని చేసే ఉద్యోగం, నడివయసు - మన బాపతే. అయితే ఆయనకి పల్లకీ ఉంది, మోసే బోయీలున్నారు. వాళ్ళలోనూ నలభై దాటినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ మోకాళ్ళు ఎలా ఉండేవో ఎవరూ అడిగినట్టు లేదు.

ఆడవాళ్ళ మోకాళ్ళూ అంతే. ఇంట్లో ఎవరి జ్వరమెంతో మనకి తెలుసు, మన రక్తపోటు మనకి తెలియదు. పొద్దున్నించి నుంచునే ఉంటాం, పదిసార్లు వంగి లేస్తాం కాబట్టి మనకి వ్యాయామం అక్కర్లేదనుకుంటారు. వంటింట్లో పది అడుగులు వెయ్యిసార్లు తిరిగినా, అది కొండెక్కే బలం ఇవ్వదు. మిరపకోతల్లో వంగి పనిచేసే కూలి ఆడవాళ్ళకి మైళ్ళకి మైళ్ళు నడిచే అలవాటుంది, అయినా వాళ్ళ నడుం నొప్పి వాళ్ళకుంది. అలవాటు తప్పిన మనం ఒక్కసారిగా శివరాత్రి పూట, ఉపవాసం ఉండి, జాగారం చేసి, ఎండెక్కాక వందల మెట్లు ఎక్కుతామంటే శరీరం ఊరుకుంటుందా?

నెలన్నర ముందునించీ రోజూ నడవాలి. వారం వారం కాస్త పెంచుకోవాలి. మేడమెట్లుంటే నాలుగుసార్లు ఎక్కి దిగాలి. బి.పి., షుగరు ఉన్నవాళ్ళు డాక్టరుగారిని అడిగి మరీ బయల్దేరాలి. గుండెజబ్బు ఆడవాళ్ళకి ఎప్పుడూ గుండెల్లో నొప్పిగానే రాదు. ఆయాసం, దవడ నొప్పి, వాంతి వచ్చినట్టుండటం - ఇట్లా కూడా వస్తుంది. అలాంటిది కనిపిస్తే మొహమాటపడకుండా అక్కడే కూచుని పక్కవాళ్ళకి చెప్పాలి. ఇంకో సంగతి, కష్టమంతా ఎక్కటంలోనే ఉందనుకుంటాం. ఎక్కేటప్పుడు గుండెకి పని, దిగేటప్పుడు మోకాలికి. మెట్టు దిగినప్పుడల్లా మోకాలి మీద ఒంటి బరువుకి కొన్ని రెట్ల భారం పడుతుంది. అందుకని దిగేటప్పుడు ఇంకా నిదానం. కర్ర పట్టుకుంటే ముసలితనం వచ్చిందనుకుంటారేమోనన్న బెంగ వద్దు.

దారిలో తినేదీ తాగేదీ కూడా పెద్దవాళ్ళు ఆలోచించే ఉంచారనిపిస్తుంది. మంగళగిరి స్వామికి పానకం పోస్తే సగం తాను పుచ్చుకుని సగం మనకి వదులుతాడని నమ్మకం. బెల్లం, నీళ్ళు, మిరియాలు, ఏలకులు. ఎండలో మెట్లెక్కి చెమటోడ్చినవాళ్ళకి అంతకంటే ఏం కావాలి! గుంటూరుసీమ వాళ్ళమై ఉండి అందులో మిరపకాయ వెయ్యలేదేమంటారా? మిరప పోర్చుగీసువాళ్ళు వచ్చాక వచ్చింది. మిరియం అంతకుముందే మనది.

ఆ మంగళగిరిలోనే చూడండి, కొండ కింద లక్ష్మీనరసింహుడు, మధ్యలో పానకాలస్వామి, కొండకొన గండాలయ్య. కోటప్పకొండలోనూ దారిలో గొల్లభామ, ఆపైన గుడి, అన్నిటికంటే పైన పాతకొండ. తిరనాళ్ళకి ఊళ్ళనించి కట్టుకొచ్చే అంతెత్తు ప్రభలు కూడా కొండ కిందే నిలుస్తాయి. ఎవరి ఓపిక ఎంతవరకో అంతవరకు ఒక దణ్ణం పెట్టుకునే చోటుంది. ఇప్పుడు ఘాట్ రోడ్డు వచ్చింది. కదలలేనివాళ్ళకి అది వరమే, దాన్ని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. కాని కదలగలిగి కూడా కదలటం మానేసి, నా పని అయిపోయిందని నలభై అయిదేళ్ళకే చెప్పులకి కాపలా కూర్చుంటున్నామే, దాని గురించే నా బాధ. జపాను ఆవిడ జున్‌కో తాబేయి 1975లో ఎవరెస్టు ఎక్కిన మొదటి మహిళ అయ్యేనాటికి ఇంట్లో మూడేళ్ళ కూతురుంది. ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ పూర్తి చేసేసరికి ఆవిడకి యాభై రెండేళ్ళు. మనకి ఎవరెస్టు వద్దు, ఎల్లమంద చాలు.

కోటప్పకొండ తిరనాళ్ళలో జనం "చేదుకో కోటయ్యా" అని అరుస్తారు. బావిలోంచి నీళ్ళు చేదినట్టు నన్ను పైకి లాక్కో తండ్రీ అని. చేదటం ఎంత పనో మనకి తెలియనిదా? పైనించి లాగే చెయ్యి ఎంత గట్టిదైనా, తాడు కొస బిందెకి బిగించి ఉండాలి. ఆ ముడి మనం వేసుకోవలసిందే. వచ్చే శివరాత్రికి ఇంకా రోజులున్నాయి. ఇవాళ సాయంత్రం వీధి చివరిదాకా నడిచి రండి. వంట అరగంట ఆలస్యమైతే కొంప మునగదు.