మట్టిని పైకి మోసే మర: గుంతలు తీసే బరమా పుట్టుపూర్వోత్తరాలు

మామిడి మొక్క నాటాలన్నా, పందిరికి రాతి స్తంభాలు పాతాలన్నా ఒకప్పుడు పలుగూ పారా పట్టిన మనుషులే దిక్కు. గుంత రెండడుగుల లోతుకు దిగేసరికి పార తిప్పడానికి చోటు చాలదు. లోపలి మట్టి తోడాలంటే పైన నోరు వెడల్పు చేయక తప్పదు. అడుగు వెడల్పు సరిపోయే చోట రెండడుగులు తవ్వి, స్తంభం నిలబెట్టాక సగం మట్టి మళ్లీ పూడ్చేవాళ్లు. ఈ రెట్టింపు చాకిరీని తప్పించిన పనిముట్టు ఆగర్. ఇవాళ ట్రాక్టర్ వెనక గిర్రున తిరుగుతూ కనిపించే ఈ మర, వడ్రంగి చేతిలోని బరమాకు దగ్గరి చుట్టం.

ఆ చుట్టరికం దాని ఇంగ్లీషు పేరులోనే ఉంది. పాత ఇంగ్లీషులో దీన్ని ‘నఫోగార్’ అనేవారు. ‘నఫు’ అంటే బండిచక్రం కుంభి, ‘గార్’ అంటే ఈటె. ఇరుసు పట్టేలా కుంభికి బెజ్జం వేసే ఈటె అన్నమాట. వాడుకలో పేరు మొదటి ‘న’ ముందున్న చిన్న మాటకు అతుక్కుపోయి, చివరికి ‘ఆగర్’ మిగిలింది.

ఆగర్‌కు ప్రాణం దాని మెలిక. బెజ్జం చేయడం మేకుతోనూ అవుతుంది. తొలిచిన పదార్థాన్ని తనంతట తానే బయటికి తేవడం మెలికకే చేతనవుతుంది. గొట్టంలో మెలికల దండాన్ని తిప్పి నీళ్లు పైకి తోడే యంత్రాన్ని క్రీ.పూ. 3వ శతాబ్దపు ఆర్కిమెడీస్ పేరుతో పిలుస్తారు. నైలు నది ఒడ్డున ఈజిప్టు రైతులు దానితో పొలాలు తడిపేవారు. అక్కడ నీరు ఎక్కిన మెట్లే ఆగర్‌లో మట్టి ఎక్కే మెట్లు.

తోటకూ బరమాకూ ఉన్న బంధం కూడా పాతదే. క్రీ.శ. 1వ శతాబ్దంలో వ్యవసాయం మీద పెద్ద గ్రంథం రాసిన రోమన్ రచయిత కొలుమెల్లా, ద్రాక్ష తీగకు అంటు కట్టడానికి ‘గాలిక్ బరమా’ వాడమని సిఫారసు చేశాడు. పాత బరమా చెక్కను పొడి చేస్తూ రాపిడికి మాడ్చేస్తుంది, ఇదైతే పేళ్లుగా చెక్కుకుంటూ పోతుంది, అందుకే అంటు బాగా పట్టుకుంటుందని ఆయన వాదన. మాడ్చకుండా, నలపకుండా కోయాలన్న ఆ సూత్రం నేటి ఆగర్‌కూ వర్తిస్తుంది.

మెలికల బరమా నేటి రూపానికి వచ్చింది అమెరికాలో. 1809లో ఎజ్రా లొమ్మెడ్యూ, 1855లో రస్సెల్ జెన్నింగ్స్ చెక్క తొలిచే బరమాలకు పేటెంట్లు పొందారు. ఈలోగా నేలలో గుంతల అవసరం పెరుగుతూ వచ్చింది. 1844లో మోర్స్ టెలిగ్రాఫ్ మొదలయ్యాక దారి పొడవునా స్తంభాలు కావలసి వచ్చాయి. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంట్ తీసుకున్నాక పచ్చిక మైదానాలకు కంచెలు పడ్డాయి. ప్రతి కంచె గుంజకూ ఒక గుంత. అక్కడ బాగా నిలదొక్కుకున్న చేతి పనిముట్టు ఐవాన్ ఆగర్: ఎదురెదురుగా వంగిన రెండు రేకులు, పైన అడ్డ పిడి. తిప్పితే మట్టి రేకుల మధ్య నిండుతుంది, పైకి లాగి దులిపేయాలి.

మన దేశంలో ఆగర్ ఇళ్లు కూడా నిలబెట్టింది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దానితో పాటు పునాది కదిలి గోడలు పగులుతాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో దినేశ్ మోహన్ బృందం దీనికి ‘అండర్ రీమ్డ్ పైల్’ పద్ధతిని అభివృద్ధి చేసింది. ముందు మెలికల ఆగర్‌తో సన్నటి గుంత తీస్తారు. తర్వాత దించే పనిముట్టుకు రెక్కలుంటాయి. పైనుంచి నొక్కుతూ తిప్పితే అవి విచ్చుకుని, అడుగున గుంతను రెండున్నర రెట్లు వెడల్పు చేస్తాయి. కాంక్రీటు పోస్తే ఆ పునాది స్తంభం, అంటే పైల్, గడ్డ ఊరిన దుంపలా నేలను పట్టుకుంటుంది. లోతైన రేగడిలో కనీసం 3.5 మీటర్లు దిగాలి. అక్కడికి నేల కదలిక దాదాపు ఆగిపోతుంది. తెలంగాణలో, ఆంధ్రలో రేగడి నేలల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఇది.

ఇక ఎంపిక. నేల శాస్త్రవేత్తలు వాడే డచ్చి ఆగర్‌కు, అంటే ఎడెల్మాన్ ఆగర్‌కు, నేలను బట్టి వేర్వేరు తలలుంటాయి. బంకమట్టికి సన్న రేకులు, ఇసుకకు వెడల్పు రేకులు. బంకమట్టి తనంతట తానే అంటుకుని పైకి వస్తుంది, రేకు సన్నగా ఉంటేనే దులపడం సులువు. ఇసుక జారిపోతుంది కాబట్టి దాన్ని పట్టి ఉంచే రేకు కావాలి. యంత్రాలకూ ఇదే లెక్క. మెత్తటి చెల్క నేలకు మామూలు బల్లపరుపు పళ్లు చాలు. గట్టి మొరానికి కార్బైడ్ మొనలు కావాలి. బండరాయికి ఆగర్ పనికిరాదు. నడుమ ఉండే మొన అరిగితే గుంత పక్కకు జరుగుతుంది, అందుకే ముందు చూడవలసింది దాన్నే.

వాడేటప్పుడు నేల పదును ముఖ్యం. ఎండిన రేగడి రాయిలా ఉంటుంది, తడిస్తే మెలికలకు ముద్దలా అంటుకుంటుంది. వాన వెలిసి నేల పదునుకు వచ్చినప్పుడే దిగాలి. ఒక్కసారిగా అడుగుదాకా తొక్కకుండా కొంచెం దించి, పైకి లేపి, మట్టి రాలనిచ్చి మళ్లీ దించాలి. డ్రిప్పు పైపులు, మోటారు కేబుళ్లు ఎటు పోయాయో ముందే గుర్తు పెట్టుకోవాలి. తువ్వాలు, వేలాడే లుంగీ తిరిగే కడ్డీ దరిదాపుల్లోకి రాకూడదు. ఆగర్ ఇరుక్కుంటే బలంగా పైకి లాగకుండా, ఇంజన్ ఆపి పెద్ద పానాతో వెనక్కి తిప్పాలి.

మొక్క నాటేవాళ్లు ఇంకొకటి గమనించాలి. బంకనేలలో ఆగర్ తీసిన గుంతలోకి వంగి గోడను వేలితో తడిమి చూడండి. అలికినట్టు నున్నగా, మెరుస్తూ ఉంటుంది. లేత వేళ్లు ఆ గోడను దాటలేక, కుండీలో మొక్కలాగా లోపలే చుట్టలు చుట్టుకుంటాయి. గడ్డపార మొనతో నాలుగు వైపులా గోడను గీరి గరుకు చేశాకే మొక్క పెట్టాలి.

నేలను బట్టి ఇన్ని తేడాలుంటాయి, అందుకే అద్దెకు యంత్రం మాట్లాడేముందు ఒక్క గుంత మీ చేత్తో తవ్వి చూడండి. ఎన్ని అడుగుల దగ్గర మొరం తగిలిందో, మట్టి అంటుకుందో జారిందో ఆ గుంతే చెబుతుంది. ఆ మాట విన్నాకే ఏ మొన, ఏ రేకు కావాలో తేల్చుకోండి.