పాత పెట్రోల్ కార్లలో ఆక్సిజన్ సెన్సర్: నల్లగొండ, మహబూబ్‌నగర్ నేపథ్యంలో ఒక పరిశీలన

భారతదేశంలో పెట్రోల్ కారు విడిచే పొగను అదుపు చేసే ఏర్పాటు 1995కూ 2020కీ మధ్య పాతికేళ్లలో సమూలంగా మారిపోయింది. కార్బురేటర్ పోయి ఇంధనాన్ని లెక్క ప్రకారం చిమ్మే ఇంజెక్టర్లు రావడం, పొగగొట్టంలో విషవాయువులను విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ అమరడం, ఆ కన్వర్టర్‌కు ముందు పొగలో మిగిలిన ప్రాణవాయువును పసిగట్టే ఆక్సిజన్ సెన్సర్ చేరడం ఇందులో ప్రధాన ఘట్టాలు. అయితే చట్టం ఈ మార్పును దేశమంతటికీ ఒకే తేదీన వర్తింపజేయలేదు. మహానగరాలకు ముందు, జిల్లాలకు ఆ తర్వాత అన్నది దాని వరస. హైదరాబాద్‌కు ఆగ్నేయాన ఉన్న నల్లగొండ, నైరుతిన ఉన్న మహబూబ్‌నగర్ రాజధానికి రెండు మూడు గంటల దూరంలోనే ఉన్నా, పొగ నిబంధనల పంచాంగంలో ఏళ్ల తరబడి వెనకే నడిచాయి. ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో నేటికీ తిరుగుతున్న పాత వేగపు కార్లలో సెన్సర్ ఎందుకు పాడవుతుందో, ఎందుకు తరచు పొరపాటున మారుస్తారో తెలియాలంటే ఆ వెనుకబాటు చరిత్ర కొంత తెలియాలి.

సెన్సర్ వెనక ఉన్న శాస్త్రానికీ కారుకూ వయసులో పెద్ద తేడా లేదు. రెండు వైపుల వేర్వేరు గాఢతలు ఉన్నప్పుడు పుట్టే విద్యుత్ పీడనాన్ని లెక్కించే సూత్రాన్ని జర్మన్ రసాయన శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లో ప్రకటించాడు; వేడెక్కిన జిర్కోనియా పింగాణీ విద్యుత్తును ప్రసరింపజేస్తుందని గుర్తించి దానితో దీపం చేసినవాడూ ఆయనే. ఈ రెండూ కారు పొగగొట్టంలో కలుసుకోవడానికి మరో ముప్పావు శతాబ్దం పట్టింది. లాస్ ఏంజెలెస్‌ను కమ్మిన మసక పొగకు వాహనాలు విడిచే వాయువులు ఎండలో మారడమే మూలమని శాస్త్రవేత్త హాగెన్ స్మిట్ 1950ల తొలినాళ్లలో తేల్చడం, 1970లో అమెరికా చేసిన స్వచ్ఛ వాయు చట్టం కార్ల తయారీదారుల మెడ మీద కత్తి పెట్టడం, కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు అనే మూడింటినీ ఒకే పాత్రలో విరిచే త్రిముఖ కన్వర్టర్ రూపొందడం ఇందుకు దారి వేశాయి. ఆ కన్వర్టర్‌కు ఒక పట్టింపు ఉంది: ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కన, కలిసినప్పుడే అది మూడు పనులూ చేస్తుంది. పెట్రోలు ఎక్కువైతే మొదటి రెండు వాయువులు మిగిలిపోతాయి. గాలి ఎక్కువైతే మూడోది మిగిలిపోతుంది. ఈ సమతూకానికి ఇంజనీర్లు పెట్టిన గుర్తు గ్రీకు అక్షరం లాంబ్డా. సరిగ్గా తూగినప్పుడు దాని విలువ 1. జర్మనీకి చెందిన బాష్ సంస్థ రూపొందించిన లాంబ్డా సెన్సర్ 1976లో, కాలిఫోర్నియాలో అమ్మకానికి ఉద్దేశించిన వోల్వో కార్లలో మొదటిసారి రోడ్డెక్కింది.

దాని పని తీరు వినడానికి జటిలంగా ఉన్నా నిర్మాణం సరళమే. వేలి చివరంత జిర్కోనియా తొడుగుకు లోపలా బయటా పలుచని ప్లాటినం పూత ఉంటుంది. బయటి ముఖం పొగకు, లోపలి ముఖం బయటి గాలికి తగులుతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాక పింగాణీ గుండా ప్రాణవాయువు అయాన్లు కదులుతాయి. పొగలో ప్రాణవాయువు దాదాపు లేకపోతే, అంటే పెట్రోలు ఎక్కువైతే, సుమారు 0.9 వోల్టులు, మిగులు ఉంటే సుమారు 0.1 వోల్టు పుడుతుంది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, మెకానిక్కుల మాటలో ఈసీఎమ్, ఆ సంకేతాన్ని చూసి పెట్రోలును రవ్వంత తగ్గిస్తూ, రవ్వంత పెంచుతూ పోతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ వోల్టేజీ ఒకచోట నిలవదు, పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఒకచోట నిలిచిపోయిన సంకేతమే అనుమానించదగింది. మొదటి తరం సెన్సర్లు పొగ వేడితోనే వేడెక్కేవి. తర్వాత లోపల చిన్న హీటరు చేరింది. 1990ల్లో వచ్చిన వెడల్పాటి కొలత సెన్సర్లు ఎక్కువా తక్కువా అని మాత్రమే కాక, ఎంత తేడా అన్నది కూడా చెప్పగలిగాయి.

భారతదేశంలో ఈ పరికరానికి అడ్డు నిలిచినది సాంకేతికత కాదు, సీసం. ఇంజిన్‌లో టకటక శబ్దం రాకుండా పెట్రోల్లో కలిపే సీసపు సమ్మేళనం కాలి, కన్వర్టర్‌లోని లోహపు పూత మీదా సెన్సర్ ప్లాటినం మీదా పేరుకొని రెండింటినీ మొద్దుబారుస్తుంది. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు కన్వర్టర్‌ను తప్పనిసరి చేసి, అక్కడ సీసం లేని పెట్రోలును అందుబాటులోకి తెచ్చారు. దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్మాలన్న నియమం అమలైనది 2000 ఫిబ్రవరి 1న. ఈ నడుమ అయిదేళ్లలో మహానగరంలో కొన్న కన్వర్టర్ కారుతో నాటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ వైపో, ఏడో నంబరు రహదారి మీద కర్నూలు వైపో దూర ప్రయాణం చేసినవారికి నార్కెట్‌పల్లి, సూర్యాపేట, షాద్‌నగర్, జడ్చర్ల బంకుల్లో ఏ పెట్రోలు పడుతుందన్నది పెద్ద ప్రశ్నే. కార్బురేటర్‌తోనే కన్వర్టర్ బిగించిన ఆ తొలి కార్లలో చాలావాటికి ఆక్సిజన్ సెన్సర్ లేదు. నిజానికి అది సగం మందు మాత్రమే, ఎందుకంటే మిశ్రమాన్ని సరిదిద్దేవారు లేనప్పుడు కన్వర్టర్ తన పని పూర్తిగా చేయలేదు.

2000 తర్వాత దృశ్యం మారింది. ప్రతి సిలిండరుకూ విడివిడిగా ఇంధనం చిమ్మే ఎంపీఎఫ్‌ఐ పద్ధతి చిన్న కార్లకూ వచ్చింది. దానితో పాటే వేగం మీద మోజున్న యువకుల కోసం శక్తిమంతమైన కార్లు వచ్చాయి. 100 హార్స్‌పవర్ దరిదాపుల శక్తితో 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6, హోండా సిటీ వీటెక్, 2004లో టర్బోచార్జర్‌తో 150 హార్స్‌పవర్ ఇచ్చిన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ ఆ తరానికి ప్రతినిధులు. టర్బో అంటే పొగ వేగంతో తిరిగే చక్రం సాయంతో ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే యంత్రం. అందుకే ఇలాంటి కారులో గాలి, పెట్రోలు లెక్క తప్పితే మైలేజీ పడిపోవడంతో ఆగదు. ఒత్తిడి పెరిగినప్పుడు పెట్రోలు తక్కువైతే పిస్టన్లే కరిగే ప్రమాదం ఉంటుంది.

ఇక్కడే చట్టపు పంచాంగం ముఖ్యమవుతుంది. ఐరోపా ప్రమాణాల నమూనాలో తెచ్చిన భారత్ స్టేజ్ నిబంధనల్లో మూడో మెట్టు హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాల్లో 2005 ఏప్రిల్‌లో అమలుకాగా, మిగతా దేశానికి అది 2010లో వచ్చింది; నాలుగో మెట్టు హైదరాబాద్‌కు 2010లో వస్తే, దేశమంతటా పూర్తిగా అమలయ్యేసరికి 2017 ఏప్రిల్ 1 అయింది. ఆనాటి నంబరు ప్లేట్ల మీద ఏపీ 22 అంటే మహబూబ్‌నగర్, ఏపీ 24 అంటే నల్లగొండ. ఒకే ఏడు తయారై, ఒకటి హైదరాబాద్‌లోనూ మరొకటి ఈ జిల్లాల్లోనూ నమోదైన కార్లు చట్టం దృష్టిలో రెండు వేర్వేరు మెట్ల మీద ఉండవచ్చు. 2017లో నాలుగో మెట్టు దేశమంతటా అమలయ్యాకే ఈ తేడా తొలగింది; 2020 ఏప్రిల్‌లో ఆరో మెట్టు దేశమంతటికీ ఒకేసారి వచ్చింది. వింత ఏమిటంటే, నిబంధన వాహనానికి ఎంత ముఖ్యమో పెట్రోలుకూ అంతే ముఖ్యం: మూడో మెట్టు పెట్రోల్లో గంధకం పది లక్షల పాళ్లకు 150 పాళ్లు ఉండవచ్చు, నాలుగో మెట్టుకు 50, ఆరో మెట్టుకు 10. గంధకం ఎక్కువైన పెట్రోలు కన్వర్టర్‌ను మందగింపజేస్తుంది. నగరానికని తయారైన కారు, చేతులు మారి జిల్లాకు చేరాక, తనకు తగని పెట్రోలు మీద ఏళ్ల తరబడి నడిచింది.

నేల, ఎండ కూడా తమ వంతు పని చేస్తాయి. మఠంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాల చుట్టూ, మహబూబ్‌నగర్ మెట్ట దారుల మీద లేచే దుమ్ము గాలి ఫిల్టరును త్వరగా నింపుతుంది. పికప్ పెరుగుతుందని బిగించే నూనె పూసిన బయటి ఫిల్టర్ల నుంచి నూనె తుంపరలు, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్‌లోని సన్నని వేడి పొర మీద పేరుకుంటాయి. వేసవిలో 45 డిగ్రీలు తాకే నల్లగొండ ఎండకు ఇంజిన్ వేడి తోడైనప్పుడు వ్యాక్యూమ్ గొట్టాల రబ్బరు బిరుసెక్కి పగుళ్లిస్తుంది. ఆ పగులు గుండా కొలతకు అందని గాలి లోపలికి పోతే, ఆక్సిజన్ సెన్సర్ ఉన్నది ఉన్నట్టు మిశ్రమం పలచబడిందని చెబుతుంది; డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది; స్కానర్ పెట్టి చూసిన మెకానిక్కు సెన్సర్ పేరు కనబడగానే సెన్సర్ పోయిందంటాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. సైలెన్సర్ జాయింటులో సెన్సర్‌కు ముందు చీలిక ఉన్నా అంతే: బయటి గాలి లోపలికి రావడంతో మిశ్రమం పలుచగా ఉన్నట్టు కనబడి, ఈసీఎమ్ అక్కర్లేని పెట్రోలు పోస్తుంది, మైలేజీ పడిపోతుంది.

కాబట్టి పాత కారులో సెన్సర్ విప్పే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. ఈసీఎమ్ పెట్రోలును ఎంత శాతం పెంచుతున్నదో, తగ్గిస్తున్నదో చూపే అంకెను ఫ్యూయెల్ ట్రిమ్ అంటారు. దీర్ఘకాలపు ట్రిమ్ పది శాతం దాటి కూడికలో ఉంటే గాలి లీకో, ఇంధన పంపు బలహీనతో ముందు వెతకాలి. శీతలీకరణ నీటి వేడిని కొలిచే చిన్న సెన్సర్ చెడితే ఇంజిన్ ఎప్పటికీ చల్లగానే ఉందని ఈసీఎమ్ భ్రమించి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఇది చవకైన సామాను, కానీ దీన్ని తనిఖీ చేసే షెడ్డులు తక్కువ. ఇవన్నీ బాగున్నాయని తేలాక విప్పాలి. నాలుగు వైర్లున్న మామూలు రకంలో రెండు తెల్లవి హీటరువి, నల్లది సంకేతం, బూడిదరంగుది గ్రౌండు; తెల్ల వైర్ల నడుమ నిరోధం కొన్ని ఓములే ఉండాలి, అసలు కనెక్షనే లేకపోతే హీటరు తెగినట్టు. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు 22 మిల్లీమీటర్ల పానాతో విప్పితే మరలు చెడవు. మొన మీద నల్లని మసి ఉంటే మిశ్రమం చిక్కగా ఉందని, తెల్లని పొడి ఉంటే సిలికాన్ సీలెంటు ఆవిరి తగిలిందని, పచ్చని పొర ఉంటే కూలెంటు లీకవుతోందని అనుమానించవచ్చు. చాలా సెన్సర్లు పోల్చుకోవలసిన బయటి గాలిని వైర్ల లోపలి నుంచే పీలుస్తాయి. అందువల్ల కనెక్టర్‌కు గ్రీజు పూయడం, వైర్లను టంకం వేసి అతకడం మేలు చేసినట్టు కనబడే కీడు. హీటరు లేనివి 50 నుంచి 80 వేల కిలోమీటర్లు, హీటరు ఉన్నవి సుమారు లక్షా అరవై వేల కిలోమీటర్లు పనిచేస్తాయని తయారీదారుల అంచనా. 2004 నాటి కారులో మొదటి సెన్సరే ఇంకా ఉంటే, మారిస్తే పోయేదేమీ లేదు.

ఈ మెట్ట ప్రాంతంలోనే కాదు, రాష్ట్రమంతటా కొన్ని షెడ్డుల్లో ఇంకో దారి కూడా ఉంది. కన్వర్టర్‌ను కోసి సాదా గొట్టం వేయడం, లైటు వెలగకుండా బల్బు తీసేయడం, కన్వర్టర్ వెనక ఉండే రెండో సెన్సర్‌ను పొగకు దూరంగా జరిపి మభ్యపెట్టడం ఇందులో భాగాలు. వాహనంలోని లోపాలను తానే కనిపెట్టి నమోదు చేసే ఓబీడీ వ్యవస్థ నాలుగో మెట్టు కార్లకు 2010లోనూ, దాని రెండో దశ 2013లోనూ తప్పనిసరి అయ్యాయి గనుక, అంతకుముందు జిల్లాల్లో నమోదైన కార్లకు ఆ పట్టింపే లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్ష కూడా ఈ మోసాన్ని చాలావరకు పట్టలేదు. రెండో, మూడో మెట్టు పెట్రోల్ కార్లకు అది కారు ఆగి ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల పాళ్లకు 750 పాళ్లు మించకూడదంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను అసలు కొలవదు. నాలుగో మెట్టు నుంచి మాత్రమే నిమిషానికి 2500 చుట్ల వేగంలో లాంబ్డా విలువ 0.97కూ 1.03కూ మధ్య ఉండాలన్న నియమం ఉంది.

ఇటీవల పెట్రోల్లో ఎథనాల్ పాలు పెరగడంతో సెన్సర్ మీద కొత్త భారం పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో 5 శాతంతో మొదలైన మిశ్రమం దేశవ్యాప్తంగా 2022 నాటికి 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఆ ఎథనాల్ తయారీకి ఇదే ప్రాంతం వేదికైంది: ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని చిత్తనూరులో కర్మాగారం వెదజల్లే కాలుష్యం మీద 2023లో చుట్టుపక్కల ఊళ్లవారు గట్టిగా పోరాడారు. 20 శాతం ఎథనాల్ ఉన్న పెట్రోలుకు సరితూగే గాలి 14.7 పాళ్లు కాదు, సుమారు 13.5 పాళ్లే, అంటే ఈసీఎమ్ సుమారు 8-9 శాతం ఎక్కువ పెట్రోలు పోయాలి. సెన్సర్ చురుకుగా ఉన్న కారుకు ఇది చేతనైన పనే. కానీ గాలి లీకుతో ట్రిమ్ ఇప్పటికే పది పన్నెండు శాతం పైకి చేరిన పాత టర్బో కారులో ఇంకో ఎనిమిది తొమ్మిది కలిస్తే, సవరణ హద్దు దగ్గరపడుతుంది. మునుపు పాడైనా నడిచిపోయిన కారు ఇప్పుడు మిస్సింగ్ ఇవ్వడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే.

ఈ తరం కారు ఉన్నవారు సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు, చట్టం అడగకపోయినా, 2500 చుట్ల దగ్గర లాంబ్డా అంకె చూపమని అడగడం మంచిది; నాలుగు వాయువులను కొలిచే చాలా యంత్రాలు ఆ అంకెను చూపగలవు. అది 1కి దూరంగా ఉంటే, సెన్సర్ కొనే ముందు రబ్బరు గొట్టాలను, సైలెన్సర్ జాయింట్లను చూపించుకోవాలి.