సేలం ఉక్కు: అడిగినది ఒకటి, దక్కినది ఒకటి

1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో దక్షిణాదికి మూడు ఉక్కు కర్మాగారాలను ప్రకటించారు: విశాఖపట్నం, సేలం, విజయనగర. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించిన విశాఖ గాథ తెలుగువారికి కంఠస్థం. విజయనగరలో ప్రభుత్వ కర్మాగారం రానేలేదు. ఆ ప్రాంతంలో 1990లలో జిందాల్ సంస్థ అడుగుపెట్టింది. సేలం కథ ఈ రెంటికీ భిన్నమైనది.

చెంతనే కంజమలై కొండల్లో ఇనుప ఖనిజం ఉన్నందున తమిళనాడు కోరింది గని నుంచి ఉక్కు దాకా అన్నీ ఒక్కచోటే జరిగే సమగ్ర కర్మాగారాన్ని. ఆ ఖనిజంలో ఇనుము పాలు తక్కువ. 1970 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది కానీ, 1980ల తొలినాళ్లకు సిద్ధమైనది స్టెయిన్‌లెస్ స్టీలు రేకులను పలుచన చేసే మిల్లు మాత్రమే. దాని తొలి సామర్థ్యం ఏడాదికి 32,000 టన్నులు. లోహాన్ని కరిగించే కొలిమి లేదు. ముడి చుట్టలు బయటినుంచి రావలసిందే. ఆ కొలిమి 2010లో గానీ వెలగలేదు. ఒక శంకుస్థాపన రాయి నలభై ఏళ్లు ఎదురుచూడటం ఈ దేశంలో విడ్డూరమేమీ కాదు.

ఇంతకీ సేలానికి దక్కిన ఆ లోహం చిత్రమైనది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా చూసే ప్రయత్నంలో సుమారు 12.8 శాతం క్రోమియం కలిపిన ఉక్కు పోత పోశాడు. అది ఆమ్లాలకు సులభంగా లొంగలేదు. అప్పటికే జర్మనీలో క్రుప్ సంస్థ క్రోమియం, నికెల్ కలిసిన ఉక్కుకు పేటెంటు కోరింది. రహస్యమంతా క్రోమియంలోనే ఉంది: అది కనీసం 10.5 శాతముంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలంపై కంటికానని పొర కడుతుంది. గీత పడితే ఆ పొర తనంతట తానే పూడుకుంటుంది. దానికి శత్రువు ఉప్పు. ఆవకాయను స్టీలు డబ్బాలో కాక జాడీలో పెట్టే పెద్దలకు రసాయనశాస్త్రం తెలియకపోయినా తర్కం తెలుసు.

ఆ క్రోమియం కోసం భారతదేశం ఒడిశా వైపు చూడాలి. దేశంలోని క్రోమైట్ నిల్వల్లో తొంభై శాతానికి పైగా జాజ్‌పూర్ జిల్లా సుకింద లోయలోనే ఉన్నాయి. ఉక్కులో ఒదిగి నిరపాయంగా ఉండే క్రోమియమే గనుల నీటిలో హెక్సావాలెంట్ రూపంలో విషమవుతుంది. 2007లో అమెరికాకు చెందిన బ్లాక్‌స్మిత్ సంస్థ ప్రపంచంలోని పది అత్యంత కలుషిత ప్రాంతాల జాబితాలో సుకిందను చేర్చింది. వంటింట తళతళలాడే గిన్నె వెనుక ఆ లోయ ప్రజల తాగునీరు ఉంది.

నికెల్ సంగతి వేరు. అది దిగుమతి సరుకు, ఖరీదైనది. అందుకే పాత్రల పరిశ్రమ నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 శ్రేణి ఉక్కును ఆశ్రయించింది. అది తుప్పును తట్టుకోవడంలో 300 శ్రేణి కంటే బలహీనం. రెండూ అయస్కాంతానికి పెద్దగా అంటుకోవు కనుక, అయస్కాంతం పెట్టి చూసి కొనే గృహిణికి తేడా తెలిసే దారి లేదు.

1988లో 10, 25, 50 పైసల నాణేలు, 1992లో రూపాయి నాణెం ఈ లోహంలోకి మారాయి. నాణేలకు కావలసిన బిళ్లలను సేలం కర్మాగారమూ తయారు చేసింది. అయినా దానిని అమ్మజూపే ప్రక్రియను కేంద్రం 2019లో ఆరంభించి 2023 జనవరిలో విరమించింది. విశాఖ ఉక్కు విక్రయానికి 2021 జనవరిలో ఆమోదం తెలిపిన కేంద్రమే, 2025 జనవరిలో దానికి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది.