నెఫ్రైటిస్: ఒక మాట నడిచిన దారి

వ్యుత్పత్తి చెప్పినంత మాత్రాన పదచరిత్ర పూర్తికాదు. ఆ మాట ఎవరి చేతుల్లో ఏ పనికి వచ్చిందో కూడా చెప్పాలని నా అభిప్రాయం. ‘నెఫ్రైటిస్’ ఇందుకు మంచి ఉదాహరణ.

గ్రీకులో ‘నెఫ్రోస్’ అంటే మూత్రపిండం. ‘ఐటిస్’ అంటే దానికి సంబంధించినది. అందుచేత హిపోక్రటీసు సంప్రదాయంలో రాయి ఏర్పడినా, చీము పట్టినా నెఫ్రైటిసే. ‘ఐటిస్’ అంటే వాపు అనే నియమం చాలా తర్వాతిది.

ఒళ్లు ఉబ్బడమే ఒక ప్రత్యేక రోగంగా చలామణీ అవుతున్న కాలంలో, 1827లో, లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ కొత్త సంబంధం చూపాడు. ఉబ్బు రోగుల మూత్రం వేడిచేస్తే గడ్డకట్టేది. చనిపోయాక కోసి చూస్తే మూత్రపిండాలు చెడి ఉండేవి. జబ్బుకు వైద్యుని పేరు దక్కింది. రోగి బతుకు మాత్రం ఆ పేరులోకి రాలేదు.

1914లో జర్మన్ వైద్యులు ఫోల్‌హార్డ్, ఫార్ ‘బ్రైట్ వ్యాధి’ని మూడుగా విడదీశారు. కణజాలం క్షీణిస్తే నెఫ్రోసిస్, వాచితే నెఫ్రైటిస్, రక్తనాళాలు గట్టిపడితే స్క్లీరోసిస్. ఒకనాడు అన్నిటినీ కలుపుకున్న మాట ఇలా ఒక గదికి పరిమితమైంది.

ఇక మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల ఆ సీమలో 1990ల నుంచి బయటపడుతున్న జబ్బుకు మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలు చాలలేదు. వైద్యులు ‘ఉద్దానం నెఫ్రోపతి’ అన్నారు. నెఫ్రోపతి అంటే మూత్రపిండ రోగమనే! కారణం చిక్కనిచోట వైద్యభాష మళ్లీ గ్రీకుల నాటి విస్తృతార్థాన్నే ఆశ్రయించింది. లండన్‌లో జబ్బుకు వైద్యుని పేరు వస్తే, ఇక్కడ శ్రమజీవుల నేల పేరు వచ్చింది.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. నీరా, నేలా, ఎండలో చాకిరీయా అన్నది తేలేదాకా ఆ మాట వ్యాధికి పేరే కాని వివరణ కాదు. పేరుపెట్టడంతో బాధ్యత తీరిందనుకునే వాళ్లకు ఈ తేడా గుర్తుచేయడం రచయితల పని.