పలికే దైవం: చైనా సంప్రదాయ మతంలో 'లింగ్' భావన, మాజూ ఆరాధన

చైనా సంప్రదాయ మతంలో దేవతాశక్తిని సూచించే ప్రధానపదం 'లింగ్'. మన లింగశబ్దంతో దీనికి ధ్వనిసామ్యమే తప్ప సంబంధం లేదు. ఈ పదపు సంప్రదాయ లిపిరూపంలో పైన వాన, నడుమ మూడు నోళ్లు, అడుగున దేవత పూనే పూజారిని తెలిపే చిహ్నం ఉంటాయి. తెలుగులో 'మహిమ' దీనికి సమీపపదమే. అయితే మహిమను దైవానికి సహజగుణంగా భావిస్తాం. లింగ్ భక్తుని అనుభవంలో ఋజువు కావలసి ఉంటుంది. 'పిలిస్తే పలికే దైవం' అన్న మన వాడుక దీనికి మరింత దగ్గర. వాన కురిపించని దేవత ప్రతిమను ఎండలో నిలబెట్టిన ఆచారం కూడా చైనాలో ఉండేది.

ఈ భావన చరిత్రను మాజూ దేవత ఆరాధనలో స్పష్టంగా గుర్తించవచ్చు. ఫుజియాన్ తీరంలోని మెయ్‌జౌ ద్వీపంలో 960లో జన్మించి, 987లో దేహం చాలించిన లిన్ వంశపు కన్యయే మాజూ అయిందని ఐతిహ్యం. నావికులను తుఫానుల నుండి కాపాడే తల్లిగా ఆమె ప్రసిద్ధి. 1123లో కొర్యో రాజ్యానికి వెళ్లిన సోంగ్ రాయబారుల నౌక ఆమె కృపవల్లనే గట్టెక్కిందని విన్న చక్రవర్తి ఆలయానికి నామఫలకం ప్రసాదించాడు. 1156లో లభించిన బిరుదులో 'లింగ్' శబ్దమే చేరింది. తరువాతి రాజవంశాలు ఆమెను 'స్వర్గరాణి' పదవి వరకు పెంచాయి. దేవతకు సైతం ఉద్యోగోన్నతి కల్పించిన ఈ పద్ధతి కేవలం రాజభక్తి ప్రదర్శన కాదు. వెలరీ హాన్సెన్ 1990 నాటి గ్రంథంలో చూపినట్లు, స్థానికులు తమ దేవత చేసిన మేలును నివేదిస్తేనే బిరుదు వచ్చేది. దేవతకు కీర్తి తెచ్చే పని భక్తులది. ఆ కీర్తితో ఊరి పలుకుబడీ పెరిగేది.

దైవసాన్నిధ్యం ప్రతిమలో తనంత తాను ఉండదు. మన నేత్రోన్మీలనాన్ని తలపించే 'కాయ్‌గువాంగ్' అనే క్రియలో కనుపాపలు దిద్దిన తరువాతనే బొమ్మ దేవత అవుతుంది. కొత్త ఆలయం కట్టేవారు మూలాలయపు ధూపపాత్రలోని బూడిదను కొంత తెచ్చి తమ పాత్రలో కలుపుతారు. ఇట్లా పంచుకొన్న సాన్నిధ్యం తరగకుండా, శాఖాలయాల ప్రతిమలు మూలాలయానికి యాత్రగా వెళ్లి వస్తాయి. ఆ యాత్ర ఏ ఆలయం పెద్దదో, ఏది చిన్నదో లోకానికి ప్రకటిస్తుంది. వివాదం ఇక్కడే పుడుతుంది.

తైవాన్‌లోని దాజియా పట్టణపు జెన్‌లాన్ ఆలయ భక్తులు ఏటా బేగాంగ్‌లోని చావోతియాన్ ఆలయానికి యాత్ర చేసేవారు. దానివల్ల దాజియా బేగాంగ్‌కు శాఖ అన్న అభిప్రాయం స్థిరపడింది. 1987లో, మాజూ స్వర్గారోహణకు వెయ్యేళ్లు నిండాయని దాజియా ప్రతినిధులు నేరుగా మెయ్‌జౌకు వెళ్లారు. జలసంధి దాటే ప్రయాణాలను తైవాన్ ప్రభుత్వం అప్పటికి ఇంకా అనుమతించలేదు. మెయ్‌జౌ మూలాలయమో, సాంస్కృతిక విప్లవకాలంలో ధ్వంసమై 1970ల చివరినుండి పునర్నిర్మాణం పొందుతున్నది. తరతరాలుగా ధూపం ఆరని తైవాన్ ఆలయాలకన్నా ఆ కొత్త గోడలకే మూలస్థానగౌరవం దక్కడం గమనార్హం. అక్కడినుండి ప్రతిమను తెచ్చుకొన్న దాజియా తాను బేగాంగ్‌కు శాఖ కానని వాదించింది. 1988 నుండి దాని యాత్ర బేగాంగ్‌ను విడిచి షిన్‌గాంగ్‌లోని ఫెంగ్‌తియాన్ ఆలయానికి మళ్లింది.