గోడ లోపల తారు: మొహెంజొదారో మేస్త్రీల నేర్పు

మొహెంజొదారో మహాస్నానవాటిక ఫొటో మనందరం స్కూలు పుస్తకంలో చూసిందే. ఉత్తరాన, దక్షిణాన దిగే మెట్లు, చుట్టూ గదులు, మధ్యలో ఇటుకల కొలను. సింధ్‌లోని ఆ దిబ్బ ప్రాచీనతను 1922లో రాఖల్‌దాస్ బెనర్జీ గుర్తించారు. సర్ జాన్ మార్షల్ పురావస్తు శాఖ అధిపతిగా ఉండగా, 1925-26 తవ్వకాల్లో ఈ కొలను వెలుగు చూసింది. పొడవు దాదాపు 12 మీటర్లు, వెడల్పు 7, లోతు 2.4. అయితే నాలుగున్నర వేల ఏళ్ల నాటి ఆ కట్టడంలోని అసలు గొప్పతనం ఫొటోలో కనిపించదు. అది గోడ లోపల ఉంది.

నీటిని ఆనుకునే గోడకు మేస్త్రీలు బాగా కాల్చిన ఇటుకలు వాడారు. అడుగున ఇటుకలను అంచు మీద నిలబెట్టి, సందు లేకుండా దగ్గరగా పేర్చారు. అతుకుకు జిప్సం కలిపిన ముద్ద వాడారు. అంత చేసీ, ఇటుక నీరు పీలుస్తుందని వాళ్లు మరిచిపోలేదు. ఆ గోడ వెనక దాదాపు అంగుళం మందాన సహజ తారు పూశారు. ఆ తారు జారిపోకుండా దాని వెనక ఇంకో సన్నని ఇటుక గోడ కట్టారు. దాని వెనక మట్టి ఇటుకలతో గట్టిగా దట్టించారు. వాడిన నీరు పోవడానికి ఒక మూలన తూము, అక్కడి నుంచి మనిషి నడవగలిగినంత ఎత్తైన కాలువ ఏర్పాటు చేశారు.

తారు ఎందుకు లోపలి ముఖం మీద కాక రెండు గోడల నడుమ ఉందో ఆలోచిస్తే వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. కొలను నీరు ముందు గోడలోంచి ఊరి తారును బయటికి నెడుతుంది. వెనక గోడ ఉంది కాబట్టి తారు ఎటూ కదలదు. ముందు గోడ ఉంది కాబట్టి ఎండా, మనుషుల కాళ్లూ దాన్ని తాకవు. నీరు ఎటు నెడుతుందో చూసుకుని, ఆ తోపుకు ఎదురుగా ఆసరా ఇవ్వడం. అంతే సూత్రం.

నీటిని ఆపడంతో పాటు దారి ఇవ్వాలన్న తెలివి మిగతా చోట్లా ఉంది. మెసొపొటేమియాలోని ఉర్ నగరపు మెట్ల గుడి అయిన జిగ్గురాత్‌లో కాల్చిన ఇటుకలను తారుతోనే అతికారు. అయినా లోపలి మట్టి దిమ్మెలోని తడి బయటికి పోవడానికి ఆ గోడలో వరసగా చిన్న రంధ్రాలు వదిలారు. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెమ్మ గోడల గురించి తన ఏడో గ్రంథంలో ప్రత్యేకంగా రాశాడు. చెమ్మ కొద్దిగా ఉంటే గోడ అడుగుభాగానికి సున్నంలో పెంకుల పొడి కలిపి పూయమన్నాడు. తడి ఆగకుండా వస్తుంటే కొంచెం ఎడంగా ఇంకో సన్నని గోడ కట్టి, మధ్యలో కాలువ, గాలి రంధ్రాలు పెట్టమన్నాడు. కాల్చిన మట్టి పొడి సున్నంతో కలిస్తే తడిలోనూ గట్టిపడుతుంది. గానుగ సున్నంలో సుర్కీ (ఇటుక పొడి) కలిపిన మన పాత మేస్త్రీల పనితనానికీ ఆధారం ఇదే.

మొహెంజొదారోను ఇవాళ తినేస్తున్నదీ చెమ్మే. 1932లో సుక్కుర్ బ్యారేజీ వచ్చాక చుట్టూ సాగు పెరిగింది, భూగర్భజలం పైకొచ్చింది. పునాది నుంచి గోడల్లోకి ఎక్కిన తడి, ఉప్పును వెంట తెస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు స్ఫటికాలై ఉబ్బుతుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. 1980లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ నగరం కోసం యునెస్కో సాయంతో గొట్టపు బావులు వేసి నీటిమట్టాన్ని దించే ప్రయత్నం కూడా జరిగింది.

మన సెల్లార్ గోడలకు పట్టే తెల్లటి చౌడు కూడా అలా పుట్టిందే. అది కనబడగానే మనం చేసే పని, లోపల రంగు వేయడం. బయట మట్టిలో మూడు మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే, గోడ అడుగున ప్రతి చదరపు మీటరు మీదా సుమారు మూడు టన్నుల తోపు పడుతుంది. లోపలి పూత వెనక ఆ బలం ఉంటే ముందు ఆసరా ఏముంది? గాలి! అందుకే రెండు వానాకాలాలు తిరక్కుండానే పెచ్చులు ఊడతాయి. అదే పూత గోడకు బయటివైపు ఉంటే నీరే దాన్ని గోడకు అదిమి పట్టేది.

సెల్లార్ చుట్టూ మట్టి నింపేశాక బయటి ముఖం మళ్లీ చేతికి రాదు. కాబట్టి ఇల్లు కట్టేవాళ్లు, ఫ్లాటు కొనేవాళ్లు మట్టి నింపకముందే వెళ్లి చూడండి. గోడకు బయట పూత వేశారా? దానికి రాళ్లు గుచ్చుకోకుండా అడ్డు పెట్టారా? అడుగున కంకర, నీరు పోయే గొట్టం ఉన్నాయా? ఈ మూడూ అడిగి, కళ్లారా చూశాకే మట్టి పోయనివ్వండి.