తూర్పు వాకిలి: మా పేట నుంచి ఎయిర్‌పోర్టు దారి

మా దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళకు విమానాశ్రయం ఎప్పుడూ ఊరికి అవతలి వైపే. బేగంపేటలో ఉన్నన్నాళ్ళూ వాయవ్యాన ఉండేది, శంషాబాద్ పోయాక నైరుతికి మారింది. మేముండేది తూర్పున, బెజవాడ రోడ్డు మీద. మా నాన్న 1984లో నల్లగొండ నుంచి బదిలీ మీద వచ్చి పీ అండ్ టీ కాలనీలో రెండు గదుల ఇంట్లో అద్దెకు దిగారు. అప్పటి నుంచి నేను ఈ రోడ్డు పట్టుకునే బతుకుతున్నాను. ఈ నలభై ఏళ్ళలో ఇక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు జనం ఎట్లా పోయారో రాసిపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాజుల చరిత్ర రాసేవాళ్ళున్నారు. బస్టాపుల చరిత్ర మనం రాసుకోకపోతే రాసేవాళ్ళుండరు.

ఈ రోడ్డుకు పాత కథ ఉంది. మూసారాంబాగ్‌లోని గుట్ట మీద నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమాండ్ సమాధి ఉంది. ఆయన 1798లో చనిపోయాడు. జనం ఆయన్ను 'మూసా రాం' అని పిలుచుకున్నారని, పేటకు ఆ పేరే నిలిచిందని పెద్దలు చెప్తారు. ఇంకాస్త ముందుకొస్తే సరూర్‌నగర్ చెరువు, కుతుబ్‌షాహీల కాలం నాటిది. ఆ పక్కనే విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం. ఇవాళ మెట్రో స్టేషన్‌కు ఉన్న పేరు దానిదే. దిల్‌సుఖ్ రామ్ అనే జాగీర్దారు పొలాలున్న చోటే దిల్‌సుఖ్‌నగర్ అయిందంటారు. ఎల్బీ నగర్ మాత్రం మన కళ్ళ ముందు పుట్టిన పేరు, లాల్ బహదూర్ శాస్త్రిగారిది. అది వేరే మున్సిపాలిటీగా ఉండి, 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది.

విమానానికీ బస్సుకీ మా నగరంలో ఒక విచిత్రమైన చుట్టరికం ఉంది. నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. మన ఆర్టీసీకి మూలపురుషుడు అదే. గౌలిగూడలో ఆ బస్సులకు నీడనిచ్చింది ఒక పెద్ద ఇనుప రేకుల కమాను షెడ్డు. నిజానికి అది విమానాలు పెట్టుకోవడానికి చేసిన హ్యాంగరు. దాన్ని మిసిసిపీ హ్యాంగరు అనేవారు. ఇమ్లీబన్‌లో మహాత్మా గాంధీ బస్ స్టేషన్ కట్టేదాకా మా నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులన్నీ ఆ షెడ్డు కిందికే వచ్చేవి. అంటే విమానం మొహం ఎరగని మా తాత కూడా నెలకోసారి విమానాల షెడ్డులో దిగి టీ తాగేవాడు. ఆ కట్టడం 2018 జులైలో కూలిపోయింది. పేపర్లో ఆ ఫొటో చూసి మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

విమానాలు మాత్రం బేగంపేటలో దిగేవి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ అక్కడి నుంచే ఎగిరింది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. బేగంపేట నగరం నడిబొడ్డునే ఉన్నా దిల్‌సుఖ్‌నగర్ నుంచి పోవాలంటే ఒక్క బస్సుతో పనయ్యేది కాదు. మేం పోయే దారి ఇది: 107 ఎక్కి సికింద్రాబాద్ స్టేషన్ దాకా, అక్కడ దిగి రోడ్డు దాటి 49ఎం పట్టుకుంటే ప్యారడైజ్ మీదుగా బేగంపేట. ట్రాఫిక్ మంచిగుంటే గంటన్నర. లేకపోతే దేవుడి దయ.

1998 ఆగస్టులో మా చిన్నన్న ఎమ్మెస్ చదవడానికి అమెరికా బయల్దేరాడు. బొంబాయి దాకా ఒక విమానం, అక్కడి నుంచి ఇంకోటి. ఆటోవాళ్ళు అడిగిన డబ్బు విని నాన్న "బస్సుకే పోదాం" అన్నారు. అమ్మ, నాన్న, నేను, చిన్నన్న, రెండు సూట్‌కేసులు. ఒకదాని తాళం మీద నమ్మకం లేక నవారు చుట్టి ముడేశాం. చిన్నన్న చేతి సంచిలో అమ్మ పెట్టిన ఆవకాయ డబ్బా. మూతకు మైనం కరిగించి పోసి, పైన పాలిథిన్ కవరు, ఆపైన పాత చీర ముక్క చుట్టింది.

వెంకటాద్రి థియేటర్ దగ్గర 107 కిటకిటలాడుతూ వచ్చింది. కండక్టర్ మా సామాను చూసి మొహం చిట్లించాడు. "మనుషులకే జాగ లేదు తమ్మీ, ఈ పెట్టెలు యాడ పెడ్తవ్?"

"మా అన్న అమెరికా పోతున్నడన్నా, బేగంపేట పోవాలె" అన్నాను.

ఆయన ఒక్క క్షణం మా అమ్మ మొహం వంక చూశాడు. తర్వాత డ్రైవర్ వెనకాల నిలబడ్డ నలుగురు పిల్లల్ని వెనక్కి జరిపించి, పెట్టెలు తనే లాగి అక్కడ పెట్టాడు. సామానుకు టికెట్ కొట్టలేదు. సికింద్రాబాద్‌లో దిగేటప్పుడు "మంచిగ సదువుకో" అని చిన్నన్న భుజం తట్టాడు. ఆ మనిషి పేరు నాకు తెలియదు. మా ఇంట్లో ఇప్పటికీ ఆయన మాట వస్తుంది.

బేగంపేటలో లోపలికి పంపరని తెలిసి అమ్మ బయట ప్రహరీ దగ్గరే నిలబడింది. ఏ విమానంలో కొడుకున్నాడో తెలియక, ఎగిరిన ప్రతి విమానానికీ చెయ్యి ఊపింది.

ఆ తర్వాత పదేళ్ళలో మా పేట మారిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల పిల్లలు కంప్యూటర్ కోర్సులకని వచ్చి చైతన్యపురి, గడ్డిఅన్నారం సందుల్లో గదికి నలుగురు చొప్పున ఉండేవాళ్ళు. వాళ్ళలో చాలామంది బేగంపేట దారి పట్టారు. ఎండాకాలమొస్తే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నుంచి మామిడి వాసన రోడ్డంతా పరుచుకునేది. విదేశాల్లో ఉన్న కూతురికో కొడుక్కో బంగినపల్లి పెట్టె పట్టుకుని బస్సెక్కే పెద్దవాళ్ళను నేను ఎందరినో చూశాను. ఇప్పుడు ఆ మార్కెట్టూ బాటసింగారం తరలిపోయింది.

2008 మార్చి 22 అర్ధరాత్రితో బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. 23 నుంచి శంషాబాద్. అదే ఏడాది బెంగళూరు ఎయిర్‌పోర్టు కూడా ఊరు దాటి దేవనహళ్ళి పోయింది, అక్కడ 'వాయు వజ్ర' పేరుతో ఎయిర్‌పోర్టు బస్సులు నడుస్తున్నాయి. మనకు ఆ పని చేసిపెట్టినవి 'పుష్పక్' బస్సులు.

దూరం లెక్కేస్తే ఎల్బీ నగర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు పాతిక కిలోమీటర్ల పైమాటే. కానీ నగరం మధ్యలోకి పోవాల్సిన పని తప్పింది. సాగర్ రింగ్ రోడ్డు, కర్మన్‌ఘాట్, ఒవైసీ హాస్పిటల్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, అక్కడి నుంచి బెంగళూరు హైవే. లేదంటే చాంద్రాయణగుట్ట దగ్గర శ్రీశైలం రోడ్డు పట్టి పహాడీ షరీఫ్ మీదుగా. పటం మీద చూస్తే తూర్పు వైపు వాళ్ళకు శంషాబాద్ నిజంగా కలిసొచ్చినట్టే ఉంటుంది. అయితే మొదటి వంతెన పడమటి వైపు పడింది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరిచారు. మా వైపు రింగ్ రోడ్డు మీద బైరామల్‌గూడ, ఒవైసీ కూడళ్ళలో ఫ్లైఓవర్లు చూడటానికి ఇంకో పదేళ్ళకు పైగా పట్టింది. ఒవైసీ దగ్గరి అబ్దుల్ కలాం ఫ్లైఓవర్ 2021 డిసెంబరు చివర్లో తెరుచుకుంది. అప్పటిదాకా ఆ ఒక్క జంక్షన్ దాటడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేక ఇంటి నుంచి గంట ముందే బయల్దేరేవాళ్ళం.

పుష్పక్ టికెట్ ఎక్కువనుకునేవాళ్ళకు ఇంకో దారి ఉంది. ఉప్పల్ నుంచి మెహిదీపట్నం పోయే 300 నంబరు బస్సు ఎల్బీ నగర్‌లో ఆగుతుంది. అది ఎక్కి ఆరాంఘర్‌లో దిగి, శంషాబాద్ బస్సు పట్టుకుని, ఊళ్ళో దిగాక ఆటో. మూడు బండ్లు ఎక్కాలి. ప్రయాణికుల్లో ఈ దారి పట్టేవాళ్ళు తక్కువ. పనివాళ్ళలో ఎక్కువ. ఎయిర్‌పోర్టు అనగానే మనకు విమానమెక్కేవాళ్ళే గుర్తొస్తారు. అక్కడ నేల తుడిచేవాళ్ళు, ట్రాలీలు తోసేవాళ్ళు, దుకాణాల్లో నిలబడేవాళ్ళు రోజూ బస్సుల మీదే పోయొస్తారు. మా వీధి చివరింటి అమ్మాయి అక్కడొక దుకాణంలో పనిచేస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం చేశాక "నెలకు సరిపడా కూరగాయల డబ్బులు మిగులుతున్నయ్ అంకుల్" అంది. పుష్పక్‌కు ఆ సౌకర్యం లేదు కాబట్టి ఆమె ఆరాంఘర్‌లో దిగి మారుతూనే ఉంది.

ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లోని 107 బస్టాపు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం ఏడు గంటల వేళ ఆ స్టాపు దగ్గరొకటి, కొంచెం దూరంలో మిర్చి సెంటర్ దగ్గరొకటి బాంబులు పేలాయి. 18 మంది పోయారు. వంద మందికి పైగా గాయపడ్డారు. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళు, టిఫిను తింటున్న వాళ్ళు, హాస్టల్ పిల్లలు. మా చిన్నన్నను సాగనంపింది ఆ రోడ్డు మీది నుంచే. కొన్ని నెలలపాటు అమ్మ ఆ వైపు నడవలేకపోయింది. మర్నాటి నుంచే మళ్ళీ బస్సులు వచ్చాయి, జనం ఎక్కారు. ఎక్కక తప్పదు కదా.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా 16 కిలోమీటర్ల మెట్రో మొదలైంది. ఆ రోజు నేను నాన్నను తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కాను. అమీర్‌పేటలో మారితే తర్వాతి స్టేషన్ బేగంపేట, ఆపైన ప్రకాశ్‌నగర్. గంటన్నర దారి ఇంత తేలికైపోయింది. నాన్న ప్రకాశ్‌నగర్ స్టేషన్ మెట్ల మీద నిలబడి పాత ఎయిర్‌పోర్టు వైపు చూస్తూ, "ఇరవై ఏళ్ళ కింద వచ్చి ఉంటే మీ అమ్మ అంత నడిచేది కాదు" అన్నారు. అమ్మ అప్పటికి పోయి ఏడాది.

కొత్త ఎయిర్‌పోర్టుకు రైలు కథ ఇంకా నడుస్తోంది. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల ఎయిర్‌పోర్టు మెట్రోకు శంకుస్థాపన చేశారు. 6,250 కోట్ల పని. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ మార్గాన్ని పక్కనపెట్టి తూర్పు దారి ఎంచుకున్నారు: నాగోల్ నుంచి ఎల్బీ నగర్, కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా ఎయిర్‌పోర్టు దాకా 36.8 కిలోమీటర్లు. రెండో దశలోని మొత్తం ఐదు మార్గాలు కలిపి 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్ల అంచనాతో రాష్ట్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదించి కేంద్రానికి పంపింది. నా మటుకు నాకు ఈ నిర్ణయం సరైనది. ఇక్కడ పెరిగిన మమకారంతో అనడం లేదు. రాయదుర్గం వైపు ఔటర్ రింగ్ రోడ్డుంది, సొంత కార్లున్నాయి. బస్సు మీద ఆధారపడ్డ జనం, పాతబస్తీ జనం, జిల్లాల నుంచి దిగే జనం ఈ తూర్పు దారిలోనే ఉన్నారు.

రైలు పూర్తిగా లేదనడానికీ వీల్లేదు. 2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా ఎంఎంటీఎస్ పొడిగించారు. మలక్‌పేటలో ఎక్కితే ఉందానగర్‌లో దిగొచ్చు. అది శంషాబాద్ ఊరి స్టేషనే. కానీ అక్కడి నుంచి టెర్మినల్ దాకా మళ్ళీ ఆటోనో బస్సో చూసుకోవాలి. చెన్నైలో తిరుసూలం స్టేషన్‌లో దిగితే ఎదురుగానే ఎయిర్‌పోర్టు. మనకు ఆ చివరి ఐదారు కిలోమీటర్లే తెగని ముడి.

అందుకే నేను ఎల్బీ నగర్ చౌరస్తాను విమానాశ్రయానికి తూర్పు వాకిలి అంటాను. సూర్యాపేటకు ఎయిర్‌పోర్టు లేదు, నల్లగొండకు లేదు, ఖమ్మానికి లేదు. అక్కడి నుంచి దుబాయ్ పోయే కూలీ అయినా, డల్లాస్ పోయే తల్లి అయినా రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున ఎల్బీ నగర్‌లోనే దిగుతారు. మెట్రో ఆరింటికి గానీ కదలదు. నేను పొద్దున నడకకు పోయేటప్పుడు వాళ్ళు ఫ్లైఓవర్ కింద పెట్టెల మీద కూర్చుని ఉంటారు. మొన్న ఒక పెద్దామె నన్ను ఆపి, "కొడుకా, ఏర్‌పోర్ట్ బస్సు ఈడ్నే ఆగుతదా? ఆ కొసకు పొమ్మంటున్రు, ఈ కొసకు రమ్మంటున్రు" అని అడిగింది. కాళ్ళ దగ్గర సూట్‌కేసు, దానికి నవారు ముడి. ఆమెను ఎక్కించేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆమె చేతిలో ఒక గుడ్డ చుట్టిన డబ్బా ఉంది, అందులో ఏముందో అడగలేదు.

మెట్రో వచ్చినప్పుడు వస్తుంది. ఈలోపు అడిగేది పెద్ద పని కాదు. ఎల్బీ నగర్‌లో ఎయిర్‌పోర్టు బస్సు ఆగే చోట ఒక నీడ వెయ్యండి. పెట్టెలతో కూర్చోడానికి బల్లలు, ఆడవాళ్ళకు రాత్రంతా తెరిచి ఉండే మరుగుదొడ్డి, వెలుగుండే ఒక దీపం పెట్టండి. ఒక బోర్డు మీద పెద్ద తెలుగక్షరాలతో బస్సు వేళలు రాయండి. ఈ దారి బాధ్యత మొయ్యాల్సిన పెద్దలందరికీ, ఈ పేట వాడిగా, నా విన్నపం ఇదే.